ర్యాంపు మీద పని తగ్గాలంటే ముందే తెమలాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 16 అడుగుల పాత ఫైబర్ పడవ, 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, ట్రైలర్ అన్నీ కలిపి కొన్నారు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని మొదటిసారి పబ్లిక్ ర్యాంపుకి, అంటే పడవల్ని నీళ్లలోకి దించే కాంక్రీటు వాలు దగ్గరికి, వెళ్లారు. పడవ నీళ్లలోకి దిగేసరికి 40 నిమిషాలు పట్టింది. వెనకున్నవాళ్లు హారన్లు మోగించారు, ట్రైలర్ మూడుసార్లు అడ్డం తిరిగింది, తమ్ముడి చేతిలో తాడు చాలక పడవ జారిపోయి పక్కవాళ్ల పడవకి తగిలింది. సాయంత్రం ఎక్కించేటప్పుడేమో పడవ ట్రైలర్ మీద ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. ఎక్కడ తప్పు చేశాను, మళ్లీ వెళ్లాలంటే భయమేస్తోంది, పడవ మానేసి ర్యాంపు పక్కన నిలబడి గేలం వేసుకోవచ్చా అని అడిగారు.

ఇరవై ఏళ్లుగా ట్రైలర్ లాగుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. రివర్స్ రాకపోవడం మీ అసలు ఇబ్బంది కాదు. మీరు రాసిందే మళ్లీ చదవండి. ర్యాంపు మీదకి దిగాక ఐసు పెట్టె ఎక్కించారు, గేలాలు ఎక్కించారు, వెనక పట్టీలు విప్పారు, తాడు ఎక్కడ పెట్టామా అని వెతికారు. ర్యాంపు గడప లాంటిది. దాటడానికే గానీ దాని మీద కూర్చుని పని చేసుకోవడానికి కాదు. ఆ 40 నిమిషాల్లో ర్యాంపు మీద చేయాల్సిన పని నాలుగైదు నిమిషాలదే. మిగతాదంతా పైన, పార్కింగ్ దగ్గర, ఎవరికీ అడ్డం లేకుండా నింపాదిగా అయిపోవాల్సింది. చాలా ర్యాంపుల దగ్గర ఇందుకోసమే పక్కగా కొంత జాగా వదులుతారు. అక్కడ అరగంట పట్టినా ఎవరూ ఏమీ అనరు.

ఆ జాగాలో బండి ఆపగానే నేను ముందు ట్రైలర్ చక్రాల దగ్గరికి వెళ్లి నడిమి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూస్తాను. దూరం నుంచి వస్తే గోరువెచ్చగా ఉంటాయి, అది మామూలే. వేడి వేడిగా ఉన్న హబ్బుని చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా సంకోచించి, సీలు సందులోంచి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజులో నీళ్లు కలిస్తే బేరింగు తుప్పు పట్టి, ఓ రోజు నడిరోడ్డు మీద చక్రం పట్టేస్తుంది. మీరు సామాను సర్దుకునే ఆ 15, 20 నిమిషాలూ హబ్బులు చల్లారడానికి సరిపోతాయి. అంటే ఇక్కడ నిదానంగా ఉండటం వల్ల బండికీ మేలే.

తరవాత బిరడా. పడవ వెనక పలక అడుగున, నీళ్లు కారిపోవడానికి వదిలిన రంధ్రానికి పెట్టే డ్రెయిన్ ప్లగ్. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా మరిచిపోయే వస్తువు ఇదే. నేను దాన్ని బండి తాళంచెవికి కట్టి ఉంచుతాను. పడవ దించే రోజు తాళంచెవి తీశానంటే అది కళ్లబడాల్సిందే. పెట్టాక వేలితో తడిమి, తిప్పి చూడాలి. దానికుండే రబ్బరు ఎండి పగిలితే కొత్తది మార్చాలి. ఒకవేళ మరిచిపోయి దిగారే అనుకోండి, పడవ వెనక భాగం కిందికి కుంగినట్టుంటుంది, తోసినా బరువుగా కదులుతుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు తోడుతూ కూర్చోకండి. ట్రైలర్ ఇంకా నీళ్లలోనే ఉంటే పడవని దాని మీదకి తెచ్చి కట్టి, కొద్దికొద్దిగా పైకి లాగండి. లోపల చేరిన నీళ్లు ఆ రంధ్రంలోంచే కారిపోతాయి. నిండుగా నీళ్లున్న పడవని ఒక్క ఊపున లాగితే ట్రైలర్ మోయలేదు.

సామాను, ఇంధనం, తెడ్డు, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ పైనే ఎక్కించేయండి. జాకెట్లు ఎక్కించడం కాదు, అక్కడే తొడుక్కోండి. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా పడవ ప్రమాదాల లెక్కలు వేస్తుంది. నీట మునిగి పోయినవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే ఉంటారు. చాలా పడవల్లో జాకెట్ ఉంటుంది, సీటు కింద. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో ఓసారి ఈత వచ్చినవాళ్ల తోడుతో లోతు తక్కువ నీళ్లలో ప్రయత్నించి చూడండి, మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. మోటారుకుండే కిల్ స్విచ్ తాడు కూడా అంతే, నడిపేవాళ్ల ఒంటికి తగిలించి ఉండాలి. మనిషి జారి పడిపోతే మోటారు ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ పడవ గిర్రున తిరిగి పడ్డమనిషి మీదకే వస్తుంది. అమెరికాలో 26 అడుగుల లోపు పడవలకి 2021 ఏప్రిల్ నుంచి దీన్ని చట్టమే చేశారు.

ఇక పట్టీలు. వెనక పట్టీలు పైనే విప్పేయండి. ముందు ముక్కుకుండే విన్చ్ (పడవని ట్రైలర్ మీదకి లాగే గిలక) పట్టీ, దాని పక్కనే ఉండే గొలుసు మాత్రం పడవ నీళ్లని తాకేదాకా విప్పొద్దు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. ఓ తెల్లవారుజామున నా ముందు వరసలో ఒకాయన తొందరలో రెండూ పైనే విప్పేసి రివర్స్ మొదలుపెట్టాడు. ఆయనది రోలర్ల ట్రైలర్. పడవ కింద చెక్కలు కాకుండా రబ్బరు చక్రాలుంటాయి, తోస్తే చాలు జారుతుంది. ర్యాంపు వాలులోకి రాగానే బ్రేకు మీద కాలేశాడు. ట్రైలర్ ఆగింది, పడవ ఆగలేదు. ముందు రోలర్లు గరగరమన్నాయి, ఆ వెంటనే కాంక్రీటు మీద ఫైబర్ గీసుకున్న చప్పుడు. నీళ్లకి ఇంకా పది అడుగుల దూరంలో పడవ నేల మీద పడుంది, మోటారు అడుగున రెక్క విరిగి పక్కన పడింది. వెనక మనిషెవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం. ఆ రోజు నుంచి వాలు మీద ట్రైలర్ వెనక నేను నిలబడను, ఎవర్నీ నిలబడనివ్వను. మీ తమ్ముడు కూడా దారి చూపించాలంటే పక్కగా, మీ అద్దంలో కనబడే చోట నిలబడాలి. ఆయన మీకు కనబడకపోతే మీరు బండి ఆపేయాలి. ఇది ఇద్దరూ ముందే అనుకోండి.

పైన ఉండగానే రెండు తాళ్లు కట్టేయండి, ఒకటి ముక్కుకి, ఒకటి వెనక్కి. ఒక్కోటీ కనీసం పడవంత పొడవుండాలి. మీకు తాడు చాలకపోవడానికి కారణం ఇదే. రేవు వైపు తగిలే పక్కన రబ్బరు దిండ్లు వేలాడదీయండి. మోటారు పైకెత్తి ఉందో లేదో చూడండి. ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకేయండి. పాత రకం బల్బులు వేడిగా ఉండి చన్నీళ్లలో మునిగితే పగిలిపోతాయి. తెరచాప పడవ ఉన్నవాళ్లయితే స్తంభం నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలున్నాయేమో చూసి తీరాలి. మీకు ఆ బెడద లేదు.

ఇప్పుడు రివర్స్. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి, గడియారంలో ఆరు అంకె ఉండే చోట. ట్రైలర్ వెనక భాగం ఎడమకి వెళ్లాలంటే చెయ్యి ఎడమకి, కుడికి వెళ్లాలంటే కుడికి. అంతే. పైన పట్టుకుని తిప్పితే బుర్ర తికమకపడుతుంది. మీది పొట్టి ట్రైలర్ కాబట్టి తొందరగా అడ్డం తిరుగుతుంది. పొడుగు ట్రైలర్లే వెనక్కి తోయడానికి సులువు, చాలామంది తిరగేసి అనుకుంటారు. కొంచెం కొంచెంగా తిప్పండి, వంకర మొదలైందని అద్దంలో కనబడగానే ఆగి, ముందుకి ఓ రెండు బారలు లాగి సరిచేసుకోండి. అడ్డం తిరిగిన ట్రైలర్‌ని వెనక్కి తోస్తూ సరిచేయాలని చూస్తే అది ఇంకా మడుచుకుపోతుంది. మూడుసార్లు తిరిగిందన్నారు చూడండి, మూడుసార్లూ మీరు ఆగాల్సిన చోట తోశారు. ఖాళీ మైదానంలో రెండు బకెట్లు పెట్టి వాటి మధ్యలోకి తోయడం రెండు పూటలు సాధన చేయండి. పడవ లేని ఉత్త ట్రైలర్‌తోనే మొదలుపెట్టొచ్చు, కాకపోతే ఎత్తు తక్కువ కాబట్టి అద్దాల్లో సరిగ్గా కనబడదు. రెండు వైపులా కర్రలు నిలబెట్టి కట్టుకోండి.

ర్యాంపు వాలు గురించి కొంచెం తెలిస్తే ఎంతవరకు దిగాలో మీకే తెలుస్తుంది. బాగా కట్టిన ర్యాంపుల వాలు మామూలుగా 12 నుంచి 15 శాతం ఉంటుంది, అంటే 100 అడుగులు వెళ్తే 12 నుంచి 15 అడుగులు దిగుతుంది. అంతకన్నా తక్కువైతే పడవ తేలేలోపు మీ బండి వెనక చక్రాలే నీళ్లలోకి పోతాయి. ఎక్కువైతే తిరిగి లాగేటప్పుడు టైర్లకి పట్టు దొరకదు. దిగేటప్పుడు అద్దాలు దించి, సీటు బెల్టు తీసి, పిల్లలు ఉంటే బండిలోంచి దింపేసి వెళ్లడం నా అలవాటు. బండి జారిపోతే బయటపడే దారి ఉండాలి.

నీటి అంచు దగ్గర రంగు చూడండి. ఆటుపోట్లు ఉండే చోట, నీళ్లు ఎక్కి దిగే భాగమంతా పాకుడు పట్టి ఉంటుంది, ఆకుపచ్చగా నిగనిగలాడుతూ. దాని మీద మనిషి నిలవడు, టైరూ నిలవదు. నీళ్లు దిగిపోయిన పాటు సమయంలో వెళ్తే మీ బండి చక్రాలు సరిగ్గా ఆ పాకుడు మీదే ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు దించడం, ఎక్కించడం పెట్టుకుంటే టైర్లు పొడి కాంక్రీటు మీదే ఉంటాయి. పాదాలకి పట్టున్న చెప్పులు వేసుకోండి, పాకుడు మీద రబ్బరు స్లిప్పర్లు అసలు పనికిరావు.

చెక్క దూలాల ట్రైలర్ అయితే నీళ్లు ట్రైలర్ చక్రాల మడ్‌గార్డుల దాకా వచ్చేసరికి పడవ వెనక భాగం తేలడం మొదలవుతుంది. అక్కడ ఆపండి. కాలి బ్రేకు తొక్కి ఉంచే హ్యాండ్‌బ్రేకు లాగి, ఆ తరవాతే గేరు పార్కింగులో వేయండి. ఈ వరస తిరగబడితే బండి, ట్రైలర్, పడవ బరువంతా గేరు పెట్టెలోని చిన్న కొక్కెం మీద వేలాడుతుంది. చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టండి. మోటారు దించి, నీళ్లు పీల్చే జాలి మునిగాక, పడవ ఇంకా విన్చ్‌కి కట్టి ఉండగానే స్టార్ట్ చేయండి. మోటారు వెనక నుంచి సన్నగా నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపేయండి. చల్లబరిచే నీళ్లు తోడేది లోపలున్న ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం. నీళ్లు లేకుండా తిరిగితే నిమిషం కూడా పట్టకుండా మాడిపోతుంది. ఈ పరీక్ష ఇక్కడే చేస్తే, స్టార్ట్ అవ్వని పడవ గాలికి కొట్టుకుపోవడం అనే బాధ ఉండదు. స్టార్ట్ కాకపోతే వెంటనే పైకి లాగేసి పక్కకి వెళ్లి బాగుచేసుకోండి, ర్యాంపు మీద బానెట్ తెరవొద్దు.

మోటారు పలికాక గొలుసు, పట్టీ విప్పండి. మీ తమ్ముడు ముక్కు తాడు పట్టుకుని పడవని రేవు చివరి దాకా నడిపించుకెళ్లి అక్కడ కట్టాలి. ర్యాంపు పక్కనే కట్టేస్తే తరవాతి వాళ్లకి అడ్డం. మీరు బండి తీసుకెళ్లి పార్క్ చేసి రండి. చీకట్లో అయితే హెడ్‌లైట్లు ఆపి చిన్న లైట్లు మాత్రం ఉంచండి, పక్క వరసలో వెనక్కి దిగేవాళ్ల అద్దాల్లోకి మీ వెలుతురు కొడుతుంది.

సాయంత్రం సంగతి. పడవ ఒరిగి కూర్చోవడానికి ఎక్కువగా కారణం ట్రైలర్‌ని మరీ లోతుకి దించడం. అప్పుడు పడవ మొత్తం తేలుతూ ఉంటుంది, చెక్కల మీద ఆనదు. పక్కగాలి ఏ వైపు తోస్తే ఆ వైపు జరుగుతుంది. మీరు బండి లాగగానే ఎలా ఉన్నది అలాగే దిగి కూర్చుంటుంది. నేనైతే ముందు ట్రైలర్‌ని పూర్తిగా దించి చెక్కలు తడిపి, మళ్లీ ముందుకి లాగి, మడ్‌గార్డు పైభాగం నీళ్లలోంచి కొద్దిగా కనబడేలా ఆపుతాను. పడవ ముందు సగం చెక్కల మీద ఆనుతుంది, వెనక సగం తేలుతుంది. ఆ స్థితిలో విన్చ్‌తో లాగితే తనంతట తానే మధ్యకి వస్తుంది.

విన్చ్‌తోనే అన్నాను గమనించండి. మోటారు గట్టిగా తిప్పి ట్రైలర్ మీదకి ఎక్కించేవాళ్లు కనబడతారు, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ ప్రొపెల్లర్ తోసే నీటి ఉరవడికి కాంక్రీటు పలక చివర ఉన్న మట్టి, కంకర లేచిపోయి గొయ్యి పడుతుంది. లేచిన కంకర ఇంకాస్త వెనక దిబ్బగా పేరుకుంటుంది. నీళ్లు తగ్గిన కాలంలో ఎవరో ట్రైలర్ కాస్త ఎక్కువ దించుతారు, చక్రాలు ఆ పలక అంచు దాటి గోతిలో పడతాయి, ఇరుసు కాంక్రీటుకి తన్నుకుంటుంది. దిబ్బకేమో పడవ అడుగు గీసుకుంటుంది. ర్యాంపు మీకు కొత్తదైతే ఓ పొడవాటి కర్రతో పలక ఎక్కడ అయిపోతుందో తడిమి చూసుకోండి.

పడవ ఎక్కాక గొలుసు వేసి, మోటారు పైకెత్తి, వెంటనే పైకి వచ్చేయండి. వెనక పట్టీలు, సామాను దించడం అంతా పైనే. అక్కడే ఇంకో పని ఉంది, దాని విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. బిరడా తీసి నీళ్లన్నీ కారనివ్వండి. చేపలు బతికుంచే తొట్టిలో నీళ్లు, ఎర డబ్బాలో నీళ్లు కూడా ఒడ్డున నేల మీద పారబోయండి, చెరువులో కాదు. ట్రైలర్ సందుల్లో, మోటారు చుట్టూ అంటుకున్న నాచు, మొక్కలు చేత్తో తీసేయండి. గుర్రపుడెక్క మనందరికీ తెలుసు కదా, అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చి ఎన్ని దేశాల నీళ్లని కప్పేసిందో. ఒక్క ముక్క చాలు కొత్త చెరువుకి. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతానిది. ఓడల నీళ్లతో పాటు ఉత్తర అమెరికాకి చేరి, 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడింది. అక్కడి నుంచి లోపలి చెరువులకి మోసుకెళ్లినవాటిలో ట్రైలర్ల మీద వెళ్లిన పడవలు ముఖ్యమైనవి. దాని పిల్లలు కంటికి కనబడవు, పడవ అడుగున మిగిలిన గ్లాసెడు నీళ్లలో కూడా బతుకుతాయి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్లేముందు 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లతో కడిగి, కనీసం 5 రోజులు ఎండనివ్వండి.

ఇక గేలం సంగతి. ర్యాంపు అంచుల్లో చేపలుంటాయి, అబద్ధం కాదు. కాంక్రీటు అంచు, రేవు నీడ చిన్నచేపల్ని పిలుస్తాయి, వాటి వెనక పెద్దవి వస్తాయి. అయినా అక్కడ వేయొద్దనే అంటాను. చాలా చోట్ల బోర్డు మీదే నిషేధం రాసి ఉంటుంది, రాయని చోట కూడా పడవలు దిగే దారిలో వేయకూడదు. ఓసారి మా మోటారు గేరు నూనె పాలలా తెల్లబడింది, నీళ్లు కలిశాయన్నమాట. ప్రొపెల్లర్ విప్పి చూస్తే ఇరుసు చుట్టూ నైలాన్ గేలపు దారం, కరిగి గట్టిపడి గాజు గాజులా ఉంగరం కట్టింది. కత్తి మొనతో అరగంట గీకితే ఊడింది, దాని కింద సీలు కోసుకుపోయి ఉంది. తెగిన ఆ దారం ఎక్కడ తగులుకుందో చెప్పలేను గానీ, ఆ రోజు నుంచి దించిన ప్రతిసారీ ప్రొపెల్లర్ వెనక చూస్తాను. దానికి తోడు పాదరక్షలు లేకుండా నీళ్లలోకి దిగి పడవ పట్టుకునేవాళ్ల కాళ్లకి తెగిన గేలాలు గుచ్చుకుంటాయి. చేపలు కోసి శుభ్రం చేయడం కూడా ర్యాంపు మీద వద్దు, పేగులు, పొలుసులు పడితే పాకుడుకన్నా జారుడు. పక్కన చేపల కోసం కట్టిన రేవు ఉంటే అక్కడికి వెళ్లండి, లేదంటే ఒడ్డెంట కాస్త దూరం నడవండి.

పడవ మాత్రం మానకండి. వచ్చేసారి సెలవు రోజు కాకుండా మామూలు రోజున, ఉదయమే వెళ్లండి. చేపలు పట్టే ఆలోచన పెట్టుకోకుండా దించడం, ఎక్కించడం వరసగా నాలుగుసార్లు చేయండి. మధ్యలో ఎవరైనా వస్తే వాళ్లని ముందు పంపండి. తాడు ఎవరిది, స్టీరింగ్ ఎవరిది, "ఆపు" అంటే ఎవరు ఆపాలి అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. మీది చెక్కల ట్రైలరా, రోలర్లదా అన్నది మీరు రాయలేదు, పడవ ఒరగడానికి దాన్ని బట్టి వేరే కారణం కూడా ఉండొచ్చు. వెనక నుంచి, పడవ లేకుండా, ఒక ఫొటో తీసి పెట్టండి. చూసి చెబుతాను.